రుక్మాబాయి వ్యాజ్యము

హిందూ వివాహ చట్టము 1955వ సంవత్సరము మే నెల 18వ తేదీన అమలులోనికి వచ్చెను. అదే సంవత్సరము సెప్టెంబరు 25వ తేదీన రుక్మాబాయి అను వృద్ధ వైద్యురాలు తన తొంబదియొకటవ యేట కన్నుమూసెను. ఇష్టము లేని వివాహబంధమునుండి బయటపడుటకు హిందూ స్త్రీకి దేశమంతట ఒకే చట్టము లభించిన యేడే, అట్టి మార్గము లేక న్యాయస్థానములలో నాలుగేండ్లు నలిగిన స్త్రీ వెడలిపోయెను. విడాకుల చట్టముల చరిత్ర చెప్పబూనువారు ఆమె వ్యాజ్యముతో ప్రారంభించుట ఉచితము.

ఆమె 1864లో బొంబాయిలో జన్మించెను. తండ్రి చిన్ననాడే గతించెను. తల్లి జయంతీబాయి, కులాచారము అంగీకరించుటచే, డాక్టరు సఖారాం అర్జున్‌ను పునర్వివాహమాడెను. రుక్మాబాయికి పదునొకండవ యేట దాదాజీ భికాజీ అను పందొమ్మిదేండ్ల యువకునితో పెండ్లియైనది. పెండ్లి యైనను ఆమె పుట్టినింటనే పెరిగి, పుస్తకములు చదివి, స్వయముగా విద్య గడించెను. కాపురము మాత్రము జరుగలేదు. ఈడు వచ్చిన పిదప ఆమె, తెలివి రాని వయస్సులో తనకు చేసిన పెండ్లికి తాను కట్టుబడజాలనని నిశ్చయించుకొనెను.

ఈ నిశ్చయము ఎంత కఠినమైనదో నేటివారు ఊహించుట కష్టము. విడాకులు కోరుటకు ఆమెకు చట్టము లేదు. పార్సీలకు 1865లోను, క్రైస్తవులకు 1869లోను విడాకుల చట్టములు ఏర్పడియుండెను. హిందువులకు అట్టిది లేదు. పురుషుడు మరియొకతెను పెండ్లాడవచ్చును. స్త్రీకి ఆ వీలును లేదు. కనుక రుక్మాబాయి చేయగలిగినది ఒక్కటే: అత్తవారింటికి పోకుండుట.

దాదాజీ 1884లో బొంబాయి హైకోర్టులో దావా వేసెను. భార్య తనతో కాపురము చేయునట్లు ఉత్తరువు చేయుమని ఆ దావా సారాంశము. దానిని దాంపత్య హక్కుల పునరుద్ధరణ అందురు. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో న్యాయమూర్తి పిన్హే దానిని కొట్టివేసెను. జరుగని కాపురమునకు పునరుద్ధరణ యెక్కడిదనియు, ఇట్టి దావాకు హిందూ ధర్మశాస్త్రమున ఆధారము లేదనియు, ఇది ఇంగ్లండునుండి తెచ్చి నాటిన మొక్క యనియు ఆయన అభిప్రాయము.

ఇచ్చట పాఠకులు ఒక్క క్షణ మాగవలెను. విడాకులు పాశ్చాత్యుల సరుకనియు, భార్యను బలవంతముగనైన ఇంటికి రప్పించుట మన సంప్రదాయమనియు తలచువారు నాడును ఉండిరి, నేడును ఉన్నారు. నిజమునకు ఈ దావాయే పరదేశి. అది ఇంగ్లండులోని క్రైస్తవ మతాధికారుల న్యాయస్థానములలో పుట్టినది. అంతకంటె వింత మరియొకటి కలదు. ఉత్తరువు పాటింపనివారిని చెరసాలకు పంపు పద్ధతిని ఇంగ్లండు 1884లోనే, అనగా దాదాజీ దావా వేసిన యేటనే, రద్దు చేసికొనెను. తాము విడిచిన సంకెలను వారు మన కాళ్లకు ఉంచిరి. తిలక్ మహాశయుని పత్రిక సంప్రదాయ రక్షణము పేరిట దానినే సమర్థించెను! ఆయన దేశభక్తి వందనీయమే. ఈ విషయమున మాత్రము ఆయన పొరబడెనని చెప్పుటకు సంకోచింప నక్కరలేదు.

దాదాజీ అప్పీలు చేయగా 1886లో ప్రధాన న్యాయమూర్తి సార్జెంటు, న్యాయమూర్తి బేలీ పిన్హే తీర్పును త్రోసిపుచ్చి వ్యాజ్యమును తిరిగి విచారణకు పంపిరి. 1887 మార్చి 4వ తేదీన న్యాయమూర్తి ఫారన్ తీర్పు చెప్పెను: ఒక నెలలోపల భర్త యింటికి పోవలెను, పోనిచో ఆరు నెలల కారాగారము. రుక్మాబాయి చెరసాలకే సిద్ధపడెను.

తరువాతి కథను గూర్చి ఒక వాడుక కలదు: విక్టోరియా రాణి జోక్యము చేసికొని వివాహమును రద్దు చేసెననుట. వినుటకు సొంపైన మాటయే కాని నిజము కాదు. 1888 జూలైలో ఉభయులు రాజీపడిరి. రెండు వేల రూపాయలు పుచ్చుకొని దాదాజీ తీర్పును అమలుపరుపకుండ విడిచెను. అంతియే. రుక్మాబాయి లండను చేరి వైద్యవిద్య నభ్యసించి, తిరిగి వచ్చి సూరతు, రాజకోట ఆసుపత్రులలో చిరకాలము స్త్రీలకు చికిత్స చేసెను. కాని ఆ వివాహ మెన్నడును రద్దు కాలేదు. 1904లో దాదాజీ మరణించినపుడు ఆమె వితంతువుల తెల్లచీర ధరించెనని చెప్పుదురు.

చెరసాల శిక్ష 1923లో తొలగినది. ఆస్తి జప్తు మిగిలినది. విడాకుల చట్టమునకై హిందువులు మరికొంత కాలము వేచియుండవలసి వచ్చెను. బరోడా సంస్థానము 1931లో దారి చూపెను. బొంబాయి 1947లోను, మద్రాసు 1949లోను చట్టములు చేసెను. అప్పుడు మద్రాసులో భాగములైన కోస్తా, రాయలసీమ జిల్లాలకు ఆ విధముగ ఆ హక్కు ముందుగా లభించినది. తెలుగునాట పెక్కు కులములలో పెద్దల యెదుట తెగతెంపులు చేసికొని మారుమనువాడు ఆచారము అంతకుముందే యుండెను. 1955 చట్టము అట్టి ఆచారములను త్రోసివేయక నిలిపినది.

ఆ చట్టము మొదట మిక్కిలి జాగ్రత్తగ నడచినది. పెండ్లియైన మూడేండ్లవరకు సామాన్యముగ విడాకుల కర్జీ పెట్టరాదు. న్యాయాధికారి మొదట దంపతులను కలుపుటకు యత్నింపవలెను. కేవలము క్రూరత్వము చాలదు. దానికి వేరుగా నుండుటకు మాత్రమే అనుమతి. క్రూరత్వము, పరిత్యాగము 1976లో విడాకులకు కారణములైనవి. మూడేండ్ల గడువు ఒక సంవత్సరమునకు తగ్గినది.

రుక్మాబాయిని బాధించిన దావా 1955 చట్టమున 9వ నిబంధనగా చేరినది. అయితే దాని పని మారినది. కాపురమునకు రమ్మను ఉత్తరువు పొందిన పిమ్మట రెండేండ్లైనను కాపురము కుదరనిచో ఆ ఉత్తరువు పొందినవారు విడాకులు కోరవచ్చును. 1964 నుండి ఉభయులలో ఎవరైనను కోరవచ్చును. 1976 తరువాత గడువు ఒక్క యేడే. లోనికి లాగుటకు చేసిన ద్వారము బయటికి పోవుటకు వాడుకైనది.

అయినను అది పూర్తిగా కోరలు తీసిన పాము కాదు. 1983లో ఒక సినీ నటిపై కడప న్యాయస్థానమున ఆమె భర్త ఈ దావాయే వేసియుండగా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి. ఏ. చౌదరి 9వ నిబంధన రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పెను. స్త్రీ శరీరముపై నిర్ణయము ఆమెదే కాని ప్రభుత్వముది కాదని ఆ తీర్పు సారము. వెనుక పిన్హే శాస్త్రమును వెదకి చెప్పినదానిని ఈయన రాజ్యాంగమును వెదకి చెప్పెను. మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయమును అంగీకరింపలేదు. ఇంగ్లండు 1970లో ఈ దావానే రద్దు చేసికొన్నది. మన గ్రంథమున అది నిలిచినది.

1976లో చేరిన మరియొక మార్గము పరస్పరాంగీకారము. ఒక సంవత్సరము వేరుగా నుండిన దంపతులు కలసి అర్జీ నిచ్చి, ఆరు నెలలు ఆగి, మరల వచ్చి తమ మాట మారలేదని చెప్పవలెను. తగిన సందర్భములలో ఆ ఆరు నెలలను న్యాయస్థానము తగ్గింపవచ్చునని 2017లో సుప్రీంకోర్టు చెప్పెను. 1888 జూలైలో దాదాజీ, రుక్మాబాయి చేసికొన్నది కూడ ఇట్టి అంగీకారమే. దానిని విడాకులుగా వ్రాసికొనుటకు నాడు బొంబాయి హైకోర్టులో పుస్తకము లేదు.