తలైకూత్తల్

తమిళనాడు దక్షిణ జిల్లాల్లో మంచాన పడిన వృద్ధులను ఇంటివాళ్లే చంపే ఆచారాన్ని తలైకూత్తల్ అంటారు. విరుదునగర్, మదురై, తేని జిల్లాల పల్లెల నుంచి దీని కథనాలు ఎక్కువగా వచ్చాయి. తెలుగు మాట్లాడే రాజు కులస్తులు తరతరాలుగా ఉంటున్న రాజపాళయం ఈ విరుదునగర్ జిల్లాలోదే. అయితే దీన్ని ఏ ఒక్క ఊరికో, కులానికో, భాషకో అంటగట్టడం సరికాదు. మంచం పట్టిన మనిషి పక్కన ఒకరు కూర్చుంటే ఆ పూట కూలి పోయే ఇళ్లలోనే దీని ఊసు ఎక్కువ.

తెల్లవారుజామునే ముసలి మనిషికి ఒళ్లంతా నూనె పట్టించి తలంటు పోస్తారు. ఆపైన కొబ్బరి నీళ్లు అదే పనిగా తాగిస్తారు. మూత్రపిండాలు దెబ్బతిని, జ్వరం కమ్మి ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోతుంది. బంధువులకు ముందే కబురు వెళుతుంది, వచ్చి చూసిపోతారు. ఒంటి మీద గాయం కనిపించదు. ఫిర్యాదు చేసేవాళ్లు ఉండరు. ముసలితనంతో పోయాడనే నలుగురూ అనుకుంటారు.

2010లో 80 ఏళ్ల వృద్ధుడొకరు తనను ఏం చేయబోతున్నారో, తన భూమి ఎలా పంచుకోబోతున్నారో ఇంట్లోవాళ్ల మాటల్లోనే విని, తప్పించుకుని బంధువుల ఇంటికి చేరాడు. ఆచారం గురించి బయటి ప్రపంచానికి గట్టిగా తెలిసింది అప్పుడే. ప్రియా కృష్ణస్వామి ఇదే విషయం మీద తీసిన ‘బారం’ 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తమిళ చిత్రంగా నిలిచింది.

దీన్ని సమర్థించేవారు బాధ నుంచి విముక్తి అంటారు. తుంటి విరగడం, పక్షవాతం, మతిమరుపు మనిషిని మంచానికి కట్టేస్తాయి కానీ వాటితో చావు దగ్గరపడినట్టు కాదు. కాబట్టి ఇక్కడ తేలాల్సింది జబ్బు ఎంత ముదిరిందన్నది కాదు, నిర్ణయం ఎవరిదన్నది. పెద్దాయన స్వయంగా ‘నన్ను పంపించెయ్యండ్రా’ అన్నాడనుకుందాం. కోడలి విసుగు, కొడుకు అప్పు రోజూ చూస్తూ అన్న మాట అది. దాన్ని స్వేచ్ఛగా ఇచ్చిన సమ్మతిగా లెక్కించలేం.

అరుణా షాన్‌బాగ్ కేసు ఇందుకు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటుంది. 1973లో జరిగిన దాడితో అచేతనంగా మారిన ఆమెకు కారుణ్య మరణం కావాలని ఒక పాత్రికేయురాలు కోరితే, ఏళ్ల తరబడి సేవ చేసిన ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రి సిబ్బంది ఒప్పుకోలేదు. 2011 మార్చి 7న సుప్రీంకోర్టు వాళ్ల మాటకే విలువిచ్చి పిటిషన్ కొట్టేసింది. ఆమె 2015 వరకూ బతికింది. రెండు చోట్లా మాట చెల్లింది సాకే చేతులదే. అరుణ విషయంలో ఆ చేతులు ఆసుపత్రివి గనక దాన్ని కరుణ అని తేలిగ్గా అనేస్తాం.

ప్రాణాంతక వ్యాధి లేనివారికీ కారుణ్య మరణాన్ని అనుమతించే దేశాలున్నాయి. నెదర్లాండ్స్, బెల్జియం చట్టాలు 2002లో అమల్లోకి వచ్చాయి. కెనడా 2021లో మరణం సమీపించి ఉండాలన్న షరతు తీసేసి, మరణం దగ్గరలో లేనివారి విషయంలో కనీసం 90 రోజుల పరిశీలన పెట్టింది. ఈ చర్చకు అసలైన ఉదాహరణ మాత్రం డచ్ మాజీ సెనేటర్ ఎడ్వర్డ్ బ్రోంగర్స్మాది. 86 ఏళ్ల ఆయన బతుకు విసిగిపోయి 1998లో వైద్యుడి సాయంతో మరణించాడు. గుర్తించదగిన జబ్బేదీ లేకుండా కేవలం విసుగు చాలదని ఆ దేశ సుప్రీంకోర్టు 2002లో తేల్చింది. తన నోటితో తానే అడిగిన, చదువుకున్న మనిషి విషయంలోనే అంత పట్టింపు!

భారత సుప్రీంకోర్టు 2018 మార్చి 9 తీర్పు కోలుకునే ఆశ లేని రోగులకు చికిత్స ఆపడాన్నే అనుమతించింది. 2023లో ఆ ప్రక్రియను సులభం చేసింది. నేరుగా ప్రాణం తీయడం ఇప్పటికీ నేరమే. 18 ఏళ్లు దాటిన వ్యక్తి సమ్మతిస్తే అది హత్య కింద కాక, హత్య కాని నరహత్య కిందికి వస్తుంది తప్ప శిక్ష తప్పదు. తల్లిదండ్రుల పోషణకు 2007లో చట్టం వచ్చింది, ట్రిబ్యునళ్లు నెలకు 10,000 రూపాయల వరకూ ఇప్పించవచ్చు. అయితే దానికి సాధారణంగా దరఖాస్తు పెట్టాలి. మంచం దిగలేని మనిషి తరఫున మరొకరో, ఓ సంస్థో పెట్టే వీలూ ఉంది.