తరంగమా, కంఠమా: ఫోను మాటకు రెండు రూపాలు

టెలిఫోను తీగ మీద వచ్చిన మాటను ఇంటర్నెట్ మీదికీ, ఇంటర్నెట్ మీద వచ్చిన దానిని తిరిగి తీగ మీదికీ మార్చే యంత్రాన్ని వాయిస్ గేట్‌వే అంటారు. దానిని అమర్చే ఇంజనీరు ముందుగా సరిచూడవలసినది కోడెక్‌ల వరుస, అంటే మాటను అంకెలుగా మార్చి, ఆ అంకెల నుంచి మళ్ళీ మాటను రాబట్టే పద్ధతుల వరుస. జి.711, జి.729 అనే పొడి పేర్లతో కనిపించే ఆ పట్టికలో, మనిషి మాట అంటే ఏమిటన్న ప్రశ్నకు 20వ శతాబ్దపు ఇంజనీర్లు చెప్పిన రెండు వేర్వేరు జవాబులు పక్కపక్కనే నిలిచి ఉన్నాయి.

మాట అంటే గాలిలో లేచే తరంగం అన్నది మొదటి జవాబు. తీగ మీద దూరం పోయేకొద్దీ సన్నగిల్లే సంకేతాన్ని పెంచినప్పుడల్లా దానితోపాటు రొద కూడా పెరిగేది. పారిస్‌లో పనిచేస్తున్న ఆంగ్ల ఇంజనీరు అలెక్ రీవ్స్, తరంగం ఎత్తును క్షణక్షణం కొలిచి, ఆ కొలతలను ఉన్నది, లేనిది అనే రెండే గుర్తులతో పంపితే రొదను దారిలోనే వదిలించుకోవచ్చునని 1937లో గ్రహించాడు. వాల్వుల కాలంలో మోయలేనంత ఖరీదైన ఆ ఆలోచన, ట్రాన్సిస్టర్లు వచ్చాక 1962లో అమెరికాలో ఒకే లైను మీద 24 సంభాషణలను మోసే వ్యవస్థగా రూపుదాల్చింది. 1972 నాటి జి.711 ప్రమాణం ప్రకారం సెకనుకు 8,000 కొలతలు, ఒక్కొక్క కొలతకు 8 బిట్లు, వెరసి సెకనుకు 64,000 బిట్లు. మెల్లని శబ్దాలలోని తేడాలను చెవి నిశితంగా పట్టుకుంటుంది కనుక వాటికి సన్నని మెట్లు, పెద్ద శబ్దాలకు వెడల్పు మెట్లు ఏర్పరిచారు. ఆ మెట్ల అమరికలో అమెరికా, జపాన్ మ్యూ-లాను, ఐరోపా, భారతదేశం ఎ-లాను చేపట్టాయి. ఈ రెండూ కలిసేచోట మార్చుకునే బాధ్యత మ్యూ-లా దేశానిదే.

మాట అంటే తరంగం కాదు, దానిని పుట్టించే కంఠమూ నోరూ అన్నది రెండవ జవాబు. బెల్ ల్యాబ్స్‌కు చెందిన హోమర్ డడ్లీ 1930ల్లో ఈ దారిని తెరిచాడు. 1943లో లండన్, వాషింగ్టన్‌ల నడుమ రహస్య సంభాషణలు నడిపిన 50 టన్నులకు పైబడిన సిగ్‌సాలీ యంత్రం ఈ ఆలోచన మీదే నిలిచింది. కాన్పూర్‌లో పుట్టి, బెంగళూరులోని భారత విజ్ఞాన సంస్థలో చదివి, అక్కడే ధ్వనిశాస్త్రం బోధించి, 1961లో బెల్ ల్యాబ్స్‌లో చేరిన బిష్ణు అటల్ దీనికి గణిత రూపమిచ్చిన ముఖ్యులలో ఒకడు. మాట్లాడేటప్పుడు నోటి ఆకారం మెల్లగా మారుతుంది కనుక, రాబోయే కొలతను గడిచిన కొన్ని కొలతల నుంచి ఊహించవచ్చు. ఊహకు అందని శేషాన్ని పంపితే చాలు. ఆ శేషాన్ని కూడా యథాతథంగా పంపక, ఇరువైపులా ఉన్న ఒకే సంకేత పుస్తకంలో దానికి దగ్గరి నమూనాను వెదికి, దాని సంఖ్యను మాత్రమే పంపవచ్చునని 1985లో అటల్, మన్‌ఫ్రెడ్ ష్రోడర్ చూపారు. అప్పట్లో ఒక్క సెకను మాటను అలా కుదించడానికి క్రే-1 సూపర్ కంప్యూటర్‌కు రెండు నిమిషాలకు పైగా పట్టింది. పదకొండేళ్ళకు, 1996లో, అదే సూత్రం మీద సెకనుకు 8,000 బిట్లతో సరిపెట్టుకునే జి.729 ప్రమాణమైంది.

ఈ రెండు జవాబుల మధ్య తేడా గేట్‌వే దగ్గరే బయటపడుతుంది. ఫోను మీటలు నొక్కినప్పుడు పుట్టే జంట స్వరాలు గానీ, ఫ్యాక్స్ కూతలు గానీ ఏ కంఠం నుంచీ వచ్చినవి కావు. కంఠపు నమూనాలో ఇమిడించబోతే అవి వికృతమవుతాయి. అందుకే మీటల గుర్తులను శబ్దంగా కాక, ఫలానా మీట నొక్కారన్న సమాచారంగా వేరే ప్యాకెట్లలో పంపే పద్ధతిని 2000లో, ఫ్యాక్స్‌కు టి.38 అనే ప్రత్యేక ప్రమాణాన్ని 1998లో ఏర్పరచవలసి వచ్చింది. బ్యాంకు ఫోను సేవలో నొక్కిన అంకె అందకపోతే, చూడవలసిన అమరికల్లో ఇది ముఖ్యమైనది.

పొదుపు లెక్క కూడా పైకి కనిపించినంత సూటిగా ఉండదు. 20 మిల్లీసెకన్ల మాట జి.711లో 160 బైట్లు, జి.729లో 20 బైట్లే. కానీ ప్రతి ప్యాకెట్ నెత్తిన చిరునామా వివరాల బరువు కనీసం 40 బైట్లు ఉంటుంది. కనుక ఎనిమిదింతలు కావలసిన పొదుపు నికరంగా మూడింతలకు కాస్త పైన ఆగిపోతుంది. పైగా దారిలో కోడెక్ మారిన ప్రతిసారీ మాట కొంత అరుగుతుంది, కొంత ఆలస్యమవుతుంది. ఇరువైపులా ఉమ్మడిగా ఉన్న కోడెక్‌ను వరుసలో ముందు పెట్టడం ఇంజనీరు చేయగల మంచి పనుల్లో మొదటిది.

2012లో ప్రమాణమైన ఓపస్, కంఠపు నమూనానూ తరంగపు పద్ధతినీ ఒకే కోడెక్‌లో కలిపి, సెకనుకు 48,000 కొలతల వరకు మోయగలదు. తెలుగు ‘స’కారపు బలం చాలావరకు పాత ఫోను హద్దయిన 3,400 హెర్ట్జ్‌కు పైనే ఉంటుంది, ఓపస్‌లో అది స్పష్టంగా వినిపిస్తుంది. అయితే ఆ మాటే గేట్‌వే దాటి పాత ల్యాండ్‌లైన్‌కు చేరితే 8,000 కొలతలకు కుదించుకుపోయి, ‘స’ మళ్ళీ ‘ఫ’లా వినిపించవచ్చు.