రాకీ పర్వతములలో పశుపోషకులు

గ్రామవృద్ధులారా! మంద కాచినవారికి మృగభయమును నేను వర్ణింపనక్కఱలేదు. అమెరికాయందలి రాకీ పర్వతసీమ వృత్తాంతము నాలకింపుడు.

1862 నాటి శాసనమున, అయిదేండ్లు కాపురముండి సాగుచేసినవారికి 160 ఎకరములు దక్కెను; ఆ నేల పూర్వము ఆదివాసులది. 1886-87 శీతకాలమున మంచు మేతను కప్పివేయగా, బీళ్లనే నమ్ముకొనిన మందలు అసంఖ్యాకముగా మడిసెను. అటుపిమ్మట గడ్డివాములు వేసికొన నేర్చిరి. కొండబీళ్లలో 160 ఎకరములు మందకు చాలవని 1916లో 640 ఎకరముల వఱకు నొసగిరి.

తోడేళ్లను విషముతోను ఉచ్చులతోను చంపిరి. యెల్లోస్టోన్ వనమున 1926 నాటికి అవి నశింపగా, దుప్పులు ప్రబలి లేతచెట్లను మేసివేసెను. అందుచే 1995లో కెనడానుండి తోడేళ్లను తెచ్చి మరల విడిచిరి.

మరల దూడలు పోవుచున్నవి. పరిహార మిచ్చుటయు కలదు. అడవి అందఱిది, దాని వెలను ఒక్క కాపరియే చెల్లింపరాదని నా మతము.