విద్యుత్ వాహకాలు, బంధకాలు

విద్యుత్తును సులువుగా పోనిచ్చే పదార్థాలు వాహకాలు, దాదాపుగా పోనివ్వనివి బంధకాలు. ఈ తేడాను మొదట స్పష్టంగా పట్టుకున్నది ఒక అద్దకం పనివాడు. కాంటర్‌బరీకి చెందిన స్టీఫెన్ గ్రే బట్టలకు రంగులద్ది బతికినవాడు. వయసు మళ్లాక లండన్‌లోని చార్టర్‌హౌస్ ధర్మాశ్రయంలో చేరాడు. దుమ్ము పడకుండా గాజు గొట్టానికి బిరడా బిగించి రుద్దితే, బిరడా కూడా ఈకను లాగడం 1729లో అతని కంటపడింది. రుద్దింది గాజును, లాగింది బిరడా!

ఆ గుణం ఎంత దూరం పోతుందో చూడాలనుకున్నాడు. జులైలో కెంట్‌లోని ఆటర్‌డెన్‌లో, మిత్రుడు గ్రాన్‌విల్ వీలర్ ఇంట్లో, సుమారు 80 అడుగుల పురికొసను పట్టుదారాల మీద వేలాడదీశారు. కొసనున్న దంతపు బంతి ఇత్తడి రేకు తునకలను లాగింది. పట్టుదారం సన్నం కాబట్టే విద్యుత్తు పక్కకు జారిపోలేదని ఇద్దరూ అనుకున్నారు. ఇంకా పొడవు పెంచితే బరువుకు దారం తెగింది. దాని బదులు సన్నని ఇత్తడి తీగ కట్టి చూశారు. గొట్టాన్ని ఎంత రుద్దినా బంతిలో చలనం లేదు. సంగతి సన్నదనంలో లేదు, పట్టులో ఉంది. దారం తెగకపోతే ఈ మాట ఎప్పటికి తేలేదో! మళ్లీ పట్టునే నమ్ముకుని పురికొసను 600 అడుగులు దాటించారు.

ఏది ఎంత మేలైన వాహకమో తేల్చడానికి హెన్రీ కావెండిష్ వాడిన పరికరం అతని శరీరమే: ఒక్కో పదార్థం గుండా తగిలే షాకు తీవ్రతను పోల్చుకునేవాడు. ఇనుప తీగ వాననీటికంటే సుమారు 40 కోట్ల రెట్లు మెరుగని 1776లో ప్రకటించాడు. ఆ మొరటు పద్ధతిలో అంత పెద్ద తేడాను అంచనా కట్టడం ఆశ్చర్యమే.

కొలతకు కచ్చితత్వం జార్జ్ ఓమ్‌తో వచ్చింది. తీగ పొడవు పెరిగితే నిరోధం పెరుగుతుంది, మందం పెరిగితే తగ్గుతుంది. మిగిలినదంతా పదార్థం స్వభావం. అతని గ్రంథం 1827లో వెలువడింది. నేటి లెక్కల్లో అన్ని లోహాలకన్నా మేలైన వాహకం వెండి, తర్వాత రాగి. అల్యూమినియం వాహకత రాగిలో 60 శాతమే అయినా సాంద్రత మూడో వంతుకన్నా తక్కువ, అందుకే కరెంటు స్తంభాల మీద దానికే చోటు.

లోహాలను వేడిచేస్తే నిరోధం పెరుగుతుంది. సిల్వర్ సల్ఫైడ్‌లో అది తగ్గడం ఫారడే 1833లో చూశాడు, కారణం చెప్పలేకపోయాడు. 1911లో కామర్లింగ్ ఓన్స్ పాదరసాన్ని 4.2 కెల్విన్లకు చల్లబరిస్తే నిరోధం ఒక్కసారిగా మాయమైంది, అదే అతివాహకత. సిల్వర్ సల్ఫైడ్ లాంటి అర్ధవాహకాల చిక్కుముడిని 1931లో అలన్ విల్సన్ విప్పాడు: వాటిలో ఎలక్ట్రాన్ల శక్తిస్థాయిల మధ్య ఉన్న ఖాళీ చిన్నది, వేడి తగిలితే కొన్ని దాన్ని దాటగలవు. బంధకాలలో ఆ ఖాళీ మరీ పెద్దది.