రకమూ అర్హతా: పైలట్ల కొరతకు ఒక చారిత్రక కారణం

పౌర విమానయాన చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగానే రాస్తుంటారు. కొత్త విమానం వచ్చినప్పుడల్లా దాన్ని నడిపేవారి అర్హతల హద్దులు ఎలా మారాయన్న ప్రశ్న వెనుకబడిపోతుంది. నిజానికి ఒక సంస్థకు ఎందరు పైలట్లు కావాలన్నది విమానాల సంఖ్యను బట్టే కాక, అవి ఎన్ని రకాలన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ అనుభవం ఇందుకు మంచి నిదర్శనం.

1953లో ఎనిమిది సంస్థల విలీనంతో అది ఏర్పడింది. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో హైదరాబాదులో మొదలైన డెక్కన్ ఎయిర్‌వేస్ వాటిలో ఒకటి. అప్పటి విమానాల్లో అత్యధికం డకోటాలే. బేగంపేటలో డకోటా నడిపిన పైలట్ మరో నగరంలోని డకోటాకు పరాయివాడు కాడు. తరువాత వైకౌంట్ (1957), ఫోకర్ ఫ్రెండ్‌షిప్ (1961), కారవెల్ (1964), ఆపై బోయింగ్ 737, ఎయిర్‌బస్ 300 వచ్చాయి. ప్రతి రకానికీ వేరే టైప్ రేటింగ్, వేరే శిక్షణ, వేరే స్టాండ్‌బై పైలట్లు అవసరమయ్యారు.

సీనియారిటీ ఈ చిక్కును మరింత బిగించింది. పెద్ద విమానపు కెప్టెన్ ఒకరు పదవీ విరమణ చేస్తే ఆ స్థానంలోకి 737 కెప్టెన్ వెళ్లాలి. అతని స్థానానికి ఫోకర్ నుంచి మరొకరు రావాలి. అక్కడ ఒక కో-పైలట్ కెప్టెన్ కావాలి. ఖాళీ ఒకటే, శిక్షణలు మూడు. ఆ నెలల్లో వారందరూ జీతాల పట్టీలో ఉంటారు గాని విమానంలో ఉండరు. ఒకే సంస్థలో, ఒకే సమయంలో, మిగులూ కొరతా పక్కపక్కనే కనిపించడానికి కారణమిదే.

1990 ఫిబ్రవరి 14న బెంగళూరు ప్రమాదంలో 92 మంది మరణించాక ఎయిర్‌బస్ 320లను నిలిపివేశారు. విమానాలతోపాటు వాటి పైలట్ల అర్హతా నేలమీదే నిలిచిపోయింది. 1992 డిసెంబరులో పైలట్లు సమ్మెకు దిగినప్పుడు ఉజ్బెకిస్తాన్ నుంచి టుపొలెవ్ 154ను సిబ్బందితో సహా అద్దెకు తెచ్చారు. 1993 జనవరి 9న హైదరాబాదు నుంచి వెళ్లిన ఆ విమానం ఢిల్లీలో పొగమంచులో దిగుతూ తిరగబడింది. అందులోని 165 మందీ బతికి బయటపడటం అదృష్టమే. సమ్మెల చరిత్రలోనే కాదు, అర్హతల చరిత్రలోనూ ఈ ఘటనకు చోటుండాలి.

ఇక్కడి సంస్థ ఇలా సతమతమవుతుండగానే, ఇదే సమస్యకు తయారీదారులు వేరే దారి వెతికారు. బోయింగ్ 757, 767ల కాక్‌పిట్లను దాదాపు ఒకేలా రూపొందించగా, 1983లో అమెరికా నియంత్రణ సంస్థ రెండింటికీ ఉమ్మడి రేటింగ్ ఇచ్చింది. ఒకటి సన్నని విమానం, మరొకటి వెడల్పైనది. అయినా స్టాండ్‌బై బృందం ఒక్కటి చాలు. దీనివల్ల మరో మేలూ ఉంది. 90 రోజుల్లో కనీసం మూడుసార్లు దిగిన అనుభవం ఉండాలన్న నిబంధన దూరప్రయాణాల పైలట్లకు భారమవుతుంది. దగ్గరి ప్రయాణాలూ కలిస్తే అది తేలిగ్గా తీరుతుంది.

అయితే ‘ఒకే రకం’ అన్న ముద్ర కాపాడుకోవడమే లక్ష్యమైతే పరిస్థితి తలకిందులవుతుంది. పాత 737 పైలట్లు సిమ్యులేటర్ శిక్షణ లేకుండానే 737 మ్యాక్స్ నడపవచ్చన్నది బోయింగ్ అమ్మకపు వాదన. విమానపు ముక్కును దానంతటదే కిందికి దించే సాఫ్ట్‌వేర్ ప్రస్తావన పైలట్ల మాన్యువల్‌లో చేరలేదు. 2018 అక్టోబరు, 2019 మార్చి ప్రమాదాల్లో 346 మంది మరణించారు. మ్యాక్స్‌కు సిమ్యులేటర్ శిక్షణ తప్పనిసరి అయింది 2020లో.