స్వబుద్ధి, స్వభాష: నవీన తత్త్వచింతన మన తరగతి గదికి వచ్చిన దారి

మన పాఠశాల డెబ్బయి అయిదు వసంతాలు పూర్తి చేసుకొని ప్లాటినం జూబిలీ జరుపుకొంటున్న ఈ శుభసమయంలో, మనం ప్రతిదినం చేసే పని వెనుక ఉన్న చరిత్రను ఒకసారి స్మరించుకోవడం సముచితం. ప్రయోగం చేసి చూపడం, చిత్రపటం సాయంతో పాఠం చెప్పడం, పిల్లల మనస్సు నెరిగి బోధించడం నేటి ఉపాధ్యాయులకు సహజమైన పద్ధతులు. ఇవి చాలవరకు పదిహేడవ శతాబ్దంలో ఐరోపా తత్త్వవేత్తలు వేసిన కొన్ని ప్రశ్నలకు లభించిన ఫలాలు. ఆ ఫలాలు మన కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల దాకా ఎలా వచ్చాయో, వాటితోపాటు రావలసిన ఒక ముఖ్యవిషయం ఎలా వెనుకబడిందో తెలుపడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆ కాలానికి ఐరోపా విద్యాలయాలలో అరిస్టాటిల్ గ్రంథాలే ప్రమాణం, లాటిన్ బోధనభాష. ఇంగ్లండుకు చెందిన ఫ్రాన్సిస్ బేకన్ 1620లో ప్రకటించిన 'నోవమ్ ఆర్గానమ్' గ్రంథంలో, ప్రకృతిజ్ఞానం పరిశీలన, ప్రయోగాల నుండి మెట్టుమెట్టుగా రూపొందాలని వాదించాడు. మానవబుద్ధిని తప్పుదారి పట్టించే భ్రమలను నాలుగు విధాలుగా వర్గీకరించాడు. గెలీలియో 1632లో తన ప్రసిద్ధ సంవాదగ్రంథాన్ని లాటిన్‌లో గాక ఇటాలియన్ భాషలో రచించాడు. ఫ్రాన్సు దేశీయుడైన రెనె డెకార్ట్ 1637లో తన పద్ధతిని వివరించే గ్రంథాన్ని ఫ్రెంచిలో వ్రాసి, అందుకు కారణం కూడ చెప్పాడు: ప్రాచీన గ్రంథాలను మాత్రమే నమ్మే వారికన్న, సహజమైన స్వబుద్ధిని వినియోగించేవారే తన అభిప్రాయాలను సరిగా విచారిస్తారని అతని ఆశ. స్వబుద్ధికి, స్వభాషకు గల ఈ సంబంధాన్ని పాఠకులు గమనింప ప్రార్థన.

డెకార్ట్ బీజగణితాన్ని జ్యామితితో కలిపాడు. నేడు మన విద్యార్థులు గ్రాఫు కాగితంపై గీసే సరళరేఖకు మూలం అక్కడున్నది. శరీరాన్ని యంత్రంవలె పరిశీలించవచ్చునని, మనస్సు దానికి భిన్నమైనదని కూడ అతడు చెప్పాడు. మొదటి మాట శరీరధర్మశాస్త్రానికి ప్రోత్సాహమిచ్చింది. రెండవది మనస్సును శాస్త్రీయంగా తెలుసుకోవడం సాధ్యమా అనే ప్రశ్నను మిగిల్చింది. వైద్యశాస్త్రం కూడ అభ్యసించిన జాన్ లాక్ 1690 నాటి గ్రంథంలో, మనస్సు ఆదిలో ఏమీ వ్రాయని తెల్లకాగితం వంటిదని, ఇంద్రియానుభవం, ఆత్మపరిశీలనల ద్వారానే దానిలో భావాలు చేరుతాయని ప్రతిపాదించాడు. భావాలు ఒకదానితో ఒకటి ముడిపడే తీరును 1739లో డేవిడ్ హ్యూమ్ విశ్లేషించాడు. మనోవ్యాపారాలకు గణితాన్ని అన్వయించలేము గనుక మనస్తత్త్వం నిజమైన ప్రకృతిశాస్త్రం కాజాలదని 1786లో కాంట్ ఆక్షేపించాడు. ఫెక్నర్ 1860లో ఇంద్రియానుభూతులను కొలిచే మార్గం చూపగా, 1879లో లైప్‌జిగ్ నగరంలో విల్‌హెల్మ్ వుంట్ మనోవిజ్ఞాన ప్రయోగశాలను నెలకొల్పాడు. ఆ విధంగా తత్త్వశాస్త్రగర్భం నుండి మనోవిజ్ఞానం వేరొక శాస్త్రంగా జన్మించింది.

ఈ భావాలను బడిలోకి తెచ్చినవారిలో కొమేనియస్ అగ్రగణ్యుడు. బేకన్ రచనలచే ప్రభావితుడైన ఈ విద్యావేత్త, ఆరు నుండి పన్నెండేండ్ల వరకు మాతృభాషా పాఠశాల ఉండాలని కోరాడు. 1658లో బొమ్మలతో కూడిన పాఠ్యపుస్తకాన్ని వెలువరించాడు. 1693లో లాక్ విద్యపై వ్రాసిన గ్రంథంలో, దండనతోను, బలవంతపు కంఠస్థంతోను చదువు రాదని హెచ్చరించాడు.

ఇక మన ప్రాంతానికి వద్దాము. 1792 నాటి శ్రీరంగపట్టణం సంధితో కృష్ణగిరితో కూడిన బారామహల్ కుంఫిణీ పాలనలోకి వచ్చింది. హోసూరు 1799లో టిప్పు సుల్తాను పతనానంతరం చేరింది. బారామహల్‌లో కెప్టెన్ అలెగ్జాండర్ రీడ్, ఆయన సహాయకులు పొలాలను కొలిపించి, నేలల తీరును, పంటలను నమోదు చేయించారు. ఇది జ్ఞానతృష్ణతో చేసిన పని కాదు. శిస్తు నిర్ణయానికి చేసినది. అయినను, కంటితో చూచి, కొలిచి, లెక్క వ్రాసిన పిమ్మటనే నిర్ణయానికి రావాలనే నవీన పద్ధతి మన పొలాలకు వచ్చినది ఆనాడే.

ఆ సహాయకులలో ఒకరు గ్లాస్గో విశ్వవిద్యాలయంలో గణితం, రసాయనశాస్త్రం చదివిన థామస్ మన్రో. ఆయన మద్రాసు గవర్నరైన పిమ్మట, 1822లో ఇదే పద్ధతిని బడులకు వర్తింపజేసి, రాజధాని అంతటా దేశీయ పాఠశాలల లెక్కలు తెప్పించారు. 1826 నాటి ఆయన నివేదికలో 12,498 పాఠశాలలు, 1,88,650 మంది విద్యార్థులు కనిపిస్తారు. బళ్ళారి కలెక్టరు ఎ. డి. క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదిక మనకు మరీ ముఖ్యం. తెలుగు, కన్నడ బడులలోని పుస్తకాలు వాడుకభాషకు చాల దూరమైన పద్యాలని, పిల్లలు అర్థం తెలియకయే వల్లిస్తున్నారని ఆయన వ్రాశారు. లాక్ హెచ్చరించిన దోషమే ఇక్కడా ఉన్నదన్నమాట.

మనస్తత్త్వశాస్త్రం మన ఉపాధ్యాయులకు చేరిన దారి సైదాపేట. 1856లో మద్రాసులో ప్రారంభమై, తరువాత సైదాపేటకు మారిన ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో 1910లో ఒక తెలుగు యువకుడు చేరారు. ఆయనే తిరుత్తణిలో 1888లో జన్మించిన డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. అప్పటికే తత్త్వశాస్త్ర పట్టభద్రులు గనుక, సహవిద్యార్థులకు మనస్తత్త్వశాస్త్రంపై ఉపన్యాసాలిచ్చే బాధ్యత వారికి లభించింది. ఆ ఉపన్యాసాలే 1912లో ఆంగ్లంలో చిన్న పుస్తకంగా వెలువడినాయి. భారత రాష్ట్రపతి పదవినలంకరించిన మహనీయుని తొలినాటి రచనలలో ఒకటి ఉపాధ్యాయుల కోసం పుట్టిన మనస్తత్త్వ గ్రంథమనడం మనందరికీ గర్వకారణం. ప్రత్యక్షాన్ని, అనుమానాన్ని ప్రమాణాలుగా విచారించిన న్యాయదర్శనం గల దేశానికి ఈ శాస్త్రం పూర్తిగా పరాయిది కాదు. 1916లో కలకత్తాలోను, 1924లో మన పొరుగున మైసూరులోను విశ్వవిద్యాలయ స్థాయిలో మనస్తత్త్వశాస్త్ర శాఖలు ఏర్పడినాయి.

శాస్త్రం వచ్చింది గాని అది వచ్చిన భాష ఆంగ్లం. డెకార్ట్, గెలీలియోలు తమ జనుల భాషలో శాస్త్రం చెప్పిన ధైర్యం మనకు దానితోపాటు రాలేదు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పాఠశాలల ఇన్‌స్పెక్టరు జె. ఎ. యేట్స్ లేవనెత్తిన సందేహాలతో కదలి, గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠ్యపుస్తకాలు వాడుకభాషలో ఉండాలని పోరాడినారు. 1823 నాటి క్యాంప్‌బెల్ మాటకు మన పక్షాన గట్టి సమాధానం లభించడానికి దాదాపు తొంబది సంవత్సరాలు పట్టింది.

నేడు మన ముందున్న ప్రశ్న వేరు. తమిళం మన రాష్ట్రభాష. 2006లో చేసిన చట్టం దానిని బడులలో దశలవారీగా తప్పనిసరి పాఠ్యాంశం చేసింది. దానిని మన పిల్లలు శ్రద్ధతో నేర్వవలసినదే. ఆంగ్లమూ అవసరమే. అయితే 'తెలుగులో చదివితే ఏమి వస్తుంది?' అని తలిదండ్రులు అడిగినప్పుడు, చరిత్ర చెప్పే సమాధానం ఇది: ఉద్యోగం మూడు భాషలలో దేని వల్లనైనా రావచ్చును. 'ఇది ఎందుకిట్లున్నది?' అనే మొదటి ప్రశ్న మాత్రం పిల్లలకు తల్లితో మాట్లాడే భాషలోనే పుడుతుంది. ఆ ప్రశ్నను బడి గడప వద్దనే ఆపివేస్తే మిగిలేది వల్లెవేత ఒక్కటే. అది ఆంగ్లంలో జరిగినా వల్లెవేతయే.

కనుక పూర్వవిద్యార్థులు, తలిదండ్రులు, సహోపాధ్యాయులు ఈ బడి తెలుగు తరగతులను నిలబెట్టుకోవడమే కాక, వాటిలో ప్రశ్నకు, పరిశీలనకు, ప్రయోగానికి చోటు పెంచవలసినదిగా ప్రార్థిస్తున్నాను. స్వబుద్ధితో ఆలోచించడానికి స్వభాష ఆధారం. స్వభాష బ్రతకడానికి అందులో ఆలోచించేవారే ఆధారం.