తెలుగు సినిమాలో బాలనటులు, వారి వెంట నడిచిన పెద్దలు

తెలుగు టాకీ ఒక పసివాడి పాత్రతో మొదలైంది. హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తీసిన 'భక్త ప్రహ్లాద' 1932 ఫిబ్రవరి 6న విడుదలైంది. అందులో హిరణ్యకశిపుడు మునిపల్లె సుబ్బయ్య, లీలావతి సురభి కమలాబాయి. కథనంతా మోసిన ప్రహ్లాదుడు మాత్రం సిందూరి కృష్ణారావు అనే పదేళ్లలోపు బాలుడు. తొలి కథే ఇలా కావడం కేవలం యాదృచ్ఛికం కాదు. ప్రహ్లాదుడు, ధ్రువుడు, మార్కండేయుడు, సిరియాళుడు, లవకుశులు, బాలకృష్ణుడు తెలుగు నాటకరంగానికి అప్పటికే ఊపిరి. పౌరాణికాలనే నమ్ముకున్న సినిమాకు మొదటి రోజు నుంచీ పిల్లలు కావలసి వచ్చారు.

ఆ పిల్లలు నాటకాల నుంచే వచ్చారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ' ప్రదర్శనతో మొదలుపెట్టిన సురభి సమాజాల్లో కుటుంబమే నాటక కంపెనీ. నడక రాని బిడ్డ కూడా ఏదో ఒక రంగంలో తల్లి చంకనెక్కి ప్రేక్షకుల ముందుకు వచ్చేది. మాట మరిస్తే తెర పక్కనుంచి అందించేది అమ్మే. రాక్షసుడి వేషం కట్టి గదతో బెదిరించేవాడు బాబాయో మేనమామో కావడంతో భయానికి తావుండేది కాదు. పిల్లలకు నటన నేర్పడమనే పని ప్రత్యేకంగా ఒకటి ఉండేది కాదు. ఇంటి భాష ఎలా వస్తుందో నటనా అలాగే వచ్చేది.

సినిమా ఈ ఏర్పాటును తలకిందులు చేసింది. 1936లో రాజమండ్రిలో దుర్గా సినీటోన్ వెలిసేదాకా తెలుగు నేల మీద టాకీ స్టూడియో లేదు. ఆ తరువాత కూడా కొంతకాలం తెలుగు చిత్రాలు ఎక్కువగా కలకత్తా, బొంబాయి, కొల్హాపూర్, మద్రాసు స్టూడియోల్లోనే తయారయ్యాయి. అంటే బిడ్డ వేషం వేయాలంటే రైలెక్కాలి. భాష తెలియని ఊళ్లో, మండే దీపాల కింద, ఎదురుగా ప్రేక్షకుడన్నవాడే లేని చోట, ముక్కలు ముక్కలుగా నటించాలి. నాటకంలో కథ మొదటి నుంచి చివరిదాకా సాగుతుంది కాబట్టి పిల్లవాడికి ఏడుపు ఎందుకు వస్తోందో తెలుస్తుంది. షూటింగులో ముందు ఏడుపు, రెండు వారాల తరువాత ఆ ఏడుపుకు కారణం. ఈ తికమకలో బిడ్డకు కథ విడమరిచి చెప్పి, రాత్రి పూట మాటలు వల్లె వేయించి, వేళకు అన్నం పెట్టి, నిద్ర పుచ్చే మనిషి ఒకరు వెంట ఉండక తప్పదు. ఆ మనిషి ఎక్కువగా తల్లో తండ్రో. వారు లేకపోతే ఇంటి పెద్దలెవరో.

పిల్లలను వెతికి పట్టుకోవడంలో ఆ తరంలో చిత్తజల్లు పుల్లయ్యను మించినవారు లేరు. 1934లో ఆయన తీసిన 'లవకుశ' ఊరూరా ఆడింది. రెండేళ్లకు, 1936లో, ఇంకా సాహసం చేసి 'సతీ అనసూయ', 'ధ్రువ విజయం' రెండిటినీ పిల్లలతోనే తీసి ఒకే టిక్కెట్టుపై చూపించారు. అనసూయగా నటించిన కృష్ణవేణి పశ్చిమ గోదావరి జిల్లా పంగిడిలో ఒక వైద్యుడి ఇంట పుట్టిన పిల్ల. అప్పటికే నాటకాలాడుతోంది. వయసు పన్నెండు లోపే. ఆడపిల్ల వేషం కట్టడాన్ని లోకం చిన్నచూపు చూసే రోజుల్లో కూతురిని సినిమాకు పంపిన ఆ ఇంటివారి తెగువకు తెలుగు సినిమా రుణపడింది. ఆ పిల్లే పెద్దయి నిర్మాత అయింది, 1949లో 'మనదేశం' తీసింది, ఎన్.టి. రామారావును తెరకు పరిచయం చేసింది.

1939లో పుల్లయ్యే కలకత్తాలో 'వరవిక్రయం' తీశారు. కాళ్లకూరి నారాయణరావు రాసిన వరకట్న వ్యతిరేక నాటకం దానికి మూలం. కాళింది పాత్రకు ఒంగోలు ప్రాంతంలోని దొడ్డవరం నుంచి వచ్చిన పదమూడేళ్ల భానుమతిని ఎంచుకున్నారు. ఆమె తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్య సంగీతప్రియుడు, కూతురికి స్వయంగా పాట నేర్పినవాడు. ఆమె గాయని కావాలన్నదే ఆయన కోరిక. సినిమాకు ఒప్పుకున్నా ఒక షరతు పెట్టాడు: ఏ నటుడూ తన కూతురిని తాకే సన్నివేశం ఉండకూడదు. నేటి పాఠకుడికి ఇది పాతకాలపు ఛాందసంలా కనిపించవచ్చు. కానీ ఆ రోజుల్లో కంపెనీకీ బాలనటికీ మధ్య రాతకోతల్లో పిల్లల రక్షణ గురించి ఒక్క మాట ఉండేది కాదు. చట్టం లేదు, సంఘం లేదు, అడిగే అధికారి లేడు. బిడ్డ తరఫున 'ఇది కుదరదు' అని చెప్పగలిగే గొంతు తండ్రిదొక్కటే. వెంకటసుబ్బయ్య ఆ గొంతు విప్పాడు, కంపెనీ తలొగ్గింది. తెలుగు సినిమాలో బాలనటుల హక్కుల చరిత్ర రాస్తే మొదటి పేజీ ఈ షరతుతోనే మొదలుకావాలి.

తరువాత పరిశ్రమ మద్రాసులో స్థిరపడింది. పిల్లల్ని నటులను చేయాలనుకున్న కుటుంబాలు కోడంబాకం, త్యాగరాయనగర్ వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకున్నాయి. టైటిళ్లలో 'మాస్టర్', 'బేబీ' అనే ముందుమాటలు స్థిరపడ్డాయి. రేడియో అన్నయ్యగా పేరుపడ్డ న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి ఆకాశవాణిలో నడిపిన పిల్లల కార్యక్రమాలు మైకు ముందు బెదరని ఒక తరాన్ని తయారుచేశాయి.

ఆ కాలపు కష్టం ఎలాంటిదో చెప్పడానికి 1963 నాటి 'లవకుశ' ఒక్కటి చాలు. తెలుగులో తొలి పూర్తి రంగుల చిత్రం అది. మాస్టర్ నాగరాజు లవుడు, మాస్టర్ సుబ్రహ్మణ్యం కుశుడు. పుల్లయ్య మొదలుపెట్టిన చిత్రాన్ని డబ్బు ఇబ్బందులతో మధ్యలో ఆపవలసి వచ్చింది. చివరికి ఆయన కుమారుడు సి.ఎస్. రావు పూర్తి చేశారు. మొదలు నుంచి విడుదల దాకా సుమారు అయిదేళ్లు. పెద్ద నటులకు అయిదేళ్లు ఒక లెక్క కాదు. ఎదిగే పిల్లలకు అది బాల్యంలో సగం. చిత్రం ఎప్పుడు పూర్తవుతుందో ఎవరూ చెప్పలేని స్థితిలో బడికీ సెట్టుకూ మధ్య ఆ పిల్లల్ని నిలబెట్టుకున్నది ఇళ్లలోని పెద్దలే. 1963 మార్చి 29న చిత్రం విడుదలయ్యాక ఊరూరా జనం ఆ ఇద్దరినీ దేవుడి బిడ్డల్లా చూశారు. అయినా పెద్దయ్యాక ఇద్దరిలో ఎవరూ కథానాయకుడు కాలేదు. బాలనటుల్లో ఎక్కువమందికి జరిగేది అదే. తొలి వేషం వేయించేటప్పుడు తల్లిదండ్రులు తలచుకోవలసిన సంగతీ అదే.

1967లో ఏవీఎం సంస్థ చిత్రపు నారాయణమూర్తి దర్శకత్వంలో 'భక్త ప్రహ్లాద'ను రంగుల్లో తీసింది. ఎస్.వి. రంగారావు హిరణ్యకశిపుడు, అంజలీదేవి లీలావతి, ప్రహ్లాదుడుగా రోజారమణి. రంగారావు వంటి నటుడి ఎదుట ఆ పాప చూపిన నిబ్బరం ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఆమె తరువాత కథానాయికగా, డబ్బింగ్ కళాకారిణిగా స్థిరపడ్డారు. ఆమె కుమారుడు తరుణ్ 1990లో 'మనసు మమత', మణిరత్నం 'అంజలి' చిత్రాల్లో బాలనటుడయ్యాడు. 'అంజలి'కి శ్యామిలి, శ్రుతిలతో కలిసి జాతీయ ఉత్తమ బాలనటుల పురస్కారం పంచుకున్నాడు. సెట్టులో పిల్లల అలసట ఎలాంటిదో తన ఒంటితో తెలిసిన తల్లి వెంట ఉండటం ఎంతమంది పిల్లలకు దక్కుతుంది!

శ్రీదేవి కథ మరోలాంటిది. తిరుపతి మూలాలున్న తల్లి రాజేశ్వరి ఆమెను నాలుగేళ్ల వయసు నుంచే తమిళ చిత్రాలకు తీసుకువెళ్లారు. తెలుగులో 'మా నాన్న నిర్దోషి' (1970), 'బడిపంతులు' (1972) ఆమెను ఇంటింటి పాపను చేశాయి. తల్లి ఏళ్ల తరబడి సెట్టులో కూతురి పక్కనే ఉన్నారు. కాల్షీట్లూ పారితోషికాలూ ఆమె చూసుకునేవారు. అంతటి అండ శ్రీదేవికి గొప్ప వృత్తినిచ్చింది, బడినీ కాలేజీనీ మాత్రం ఇవ్వలేకపోయింది.

అగ్ర నటుల ఇళ్లలో తండ్రి పాత్ర ఇంకా చిక్కైనది. అక్కడ తండ్రే నటుడు, కొన్నిసార్లు దర్శకుడు, నిర్మాత కూడా. 1967లో 'శ్రీకృష్ణావతారం'లో రామారావు కృష్ణుడైతే ఆయన కుమారుడు హరికృష్ణ బాలకృష్ణుడు. 1974లో రామారావే దర్శకత్వం వహించిన 'తాతమ్మ కల'తో ఆయన మరో కుమారుడు, పద్నాలుగేళ్ల బాలకృష్ణ తెరకెక్కాడు. అందులో తాతమ్మ భానుమతే. తండ్రి షరతుతో సినిమాలోకి వచ్చిన ఆ అమ్మాయి, ముప్పై అయిదేళ్ల తరువాత మరో తండ్రి తన కొడుకును కెమెరా ముందు నిలబెట్టిన చిత్రంలో ముఖ్యపాత్ర వేసింది.

నటుడు కృష్ణ తన కొడుకు విషయంలో తీసుకున్న నిర్ణయం వీటన్నిటిలోకి తూకమైనది. నాలుగేళ్ల మహేశ్‌బాబు 1979లో దాసరి నారాయణరావు 'నీడ'లో కనిపించాడు. 1983లో 'పోరాటం', ఆపైన తండ్రి దర్శకత్వంలోనే 'శంఖారావం', 'ముగ్గురు కొడుకులు', 'కొడుకు దిద్దిన కాపురం' వచ్చాయి. బడి సెలవులను బట్టి షూటింగులు పెట్టేవారు. 1990 తరువాత, పిల్లవాడికి మంచి గిరాకీ ఉన్నప్పుడే, ముందు చదువు పూర్తి కావాలని తండ్రి వేషాలు ఆపించారు. డిగ్రీ చదివాకనే 1999లో 'రాజకుమారుడు'. బిడ్డను కెమెరా ముందు నిలబెట్టడం చాలామంది చేయగలరు. బాగా ఆడుతున్న వేళ వెనక్కు పిలవడానికి వేరే గుండె కావాలి.

తల్లిదండ్రులు పక్కన ఉంటే చాలు, బిడ్డ క్షేమమే అనుకోవడానికీ లేదు. ఇందుకు హాలీవుడ్ తొలినాళ్ల ఉదాహరణ ప్రపంచమంతటికీ తెలిసినదే. 1921 నాటి 'ది కిడ్'లో చార్లీ చాప్లిన్ పక్కన నటించిన జాకీ కూగన్ ఏడవవలసిన సన్నివేశంలో ఎంతకీ ఏడవలేదు. అప్పుడు సొంత తండ్రే, ఏడవకపోతే పేదల వర్క్‌హౌస్‌కు పంపేస్తానని బెదిరించి ఏడిపించాడని చాప్లిన్ ఆత్మకథలో రాసుకున్నారు. జాకీ పెద్దవాడయ్యేసరికి అతడు సంపాదించిన లక్షల డాలర్లలో అధికభాగాన్ని తల్లి, సవతి తండ్రి ఖర్చు చేసేశారు. 1938లో అతడు కోర్టుకెక్కితే చేతికొచ్చింది 1,26,000 డాలర్లు. మరుసటి ఏడాది కాలిఫోర్నియా రాష్ట్రం బాలనటుల సంపాదనలో కొంత భాగాన్ని విడిగా దాచాలని చట్టం చేసింది.

భారతదేశంలో అలాంటి రక్షణ రావడానికి చాలా కాలం పట్టింది. 1986 నాటి బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టాన్ని 2016లో సవరించినప్పుడు పద్నాలుగేళ్లలోపు పిల్లలు సినిమాలు, సీరియళ్లు, ప్రకటనల్లో నటించడాన్ని షరతులతో అనుమతించారు. 2017 నిబంధనలు ఆ షరతులను వివరించాయి. రోజుకు అయిదు గంటలకు మించి పని చేయించకూడదు. విశ్రాంతి లేకుండా మూడు గంటలు దాటకూడదు. వరుసగా 27 రోజులకు మించి పనిలో ఉంచకూడదు. షూటింగు జరిగే జిల్లా మేజిస్ట్రేటు, అంటే కలెక్టరు, అనుమతి నిర్మాత ముందుగా తీసుకోవాలి. తల్లిదండ్రుల అంగీకారాన్ని, పిల్లల భద్రతకు బాధ్యుడి పేరును జతచేయాలి. అయిదుగురు పిల్లలకు ఒకరు చొప్పున బాధ్యులుండాలి. పిల్లల ఆదాయంలో కనీసం 20 శాతాన్ని జాతీయం చేసిన బ్యాంకులో వారి పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. ఆ సొమ్ము మేజరయ్యాక వారికే చెందుతుంది. బిడ్డ ఇష్టానికి విరుద్ధంగా ఏ పనీ చేయించకూడదన్నది మరో నిబంధన. ఇది నిర్మాతకు ఎంత వర్తిస్తుందో, మొండికేసిన పిల్లను కసురుకునే తల్లిదండ్రులకూ అంత గుర్తుండాలి.

ఈ నిబంధనల్లో చాలా మటుకు మంచి తల్లిదండ్రులు ఏనాడో నోటిమాటగా అడిగినవే. వెంకటసుబ్బయ్య కూతురి మర్యాద కోసం అడిగాడు, కృష్ణ కొడుకు చదువు కోసం ఆగాడు. అడిగే స్తోమత లేని ఇళ్ల పిల్లలకు కూడా ఆ రక్షణ దక్కేలా చేయడమే చట్టం తెచ్చిన మార్పు. 1997లో గుణశేఖర్ పిల్లలతోనే తీసిన 'రామాయణం'లో జూనియర్ ఎన్టీఆర్ రాముడయ్యాడు, చిత్రానికి ఉత్తమ బాలల చిత్రంగా జాతీయ పురస్కారం వచ్చింది. అంతమంది పిల్లలతో ఈనాడు అటువంటి చిత్రం తీయాలంటే ఒక్కొక్కరి పేరూ కలెక్టరుకు ఇచ్చే జాబితాలో ఉండాలి.

ఇప్పుడు హైదరాబాద్‌లో తొలి వేషానికి పిల్లల్ని తీసుకువెళ్లే కుటుంబాల్లో ఎక్కువ భాగం సినిమాతో ముందు పరిచయం లేనివే. మధ్యవర్తులు ఫొటోలకూ శిక్షణకూ డబ్బు అడిగే చోట అలాంటివారే ముందుగా మోసపోతారు. నిర్మాణ సంస్థ నుంచి కలెక్టరు అనుమతి నకలు, బాధ్యుడి పేరు, డిపాజిట్ రసీదు అడిగి తీసుకోవడం తల్లిదండ్రుల హక్కు. అడగడానికి మొహమాటపడకూడదు.